ఎడమ పక్క సీటు

అక్క పోయిందని మస్తానన్న ఫోను చేసి చెప్పినప్పుడు నేను ఒక పెళ్ళికూతురి జాకెట్టుకు హుక్కులు కుడుతున్నాను. పళ్ళ మధ్య సూది ఉంది. సూది తీసి, అలవాటుకొద్దీ, "దేవునికి స్తోత్రం" అన్నాను.



"ఏందమ్మా, మనిషి పోయిందని చెప్తా ఉంటే స్తోత్రమంటావా?" అన్నాడు మస్తానన్న.

నా నోటికి ఆ రోగం చిన్నప్పటి నుంచీ ఉంది. వాన వచ్చినా స్తోత్రమే, ఆగినా స్తోత్రమే. కరెంటు పోతే, ఇప్పటిదాకా ఉన్నందుకు స్తోత్రం. మా నాయన దేవుని వాక్యం చెప్పుకుంటూ సైకిలు మీద ఊరూరా తిరిగిన మనిషి. ఏ ఊళ్ళోనూ కుదురుగా ఉన్నది లేదు కాబట్టి నన్ను బడిలో వెయ్యలేదు. ఆయనా అమ్మా కలిసి ఇంట్లోనే చదువు చెప్పారు. లెక్కలు కొంచెం, కుట్టుపని చాలా, కృతజ్ఞత అంతకంటే ఎక్కువ నేర్పారు. అందువల్ల నాకు లోకం పెద్దగా తెలియదు కానీ, ఏం జరిగినా ముందు కృతజ్ఞత చెప్పెయ్యడం మాత్రం తెలుసు. ఆ రోజూ చెప్పేశాను. తరువాత కూర్చుని ఏడ్చాను. ఏడుపు అయ్యాక ఆలోచిస్తే నేనన్నది అంత తప్పేమీ కాదనిపించింది. అలాంటి మనిషి పక్కన కూర్చునే భాగ్యం నాకు దొరికింది. దానికి మరేమనాలి?

అల్లూరులో ఆమె ఇంటి ముందు షామియానా కింద కూర్చున్నవాళ్ళు తలా ఒకటి చెప్పుకుంటున్నారు. మద్రాసులో కారు పందేలన్నీ గెలిచిందని ఒకరు. బీరువా నిండా వెండి కప్పులున్నాయని ఇంకొకరు. ఆ ఇంట్లో ఉన్న కప్పులన్నీ టీ తాగేవే. వాటిలోనూ సగానికి పిడులు లేవు. అక్క ఒక్క పందెం కూడా గెలవలేదు. ఆ సంగతి ఆమే అందరికీ చెప్పేది. ఎవరూ నమ్మేవారు కాదు.

నేను ఆమెను మొదటిసారి చూసింది ఎండిపోయిన రొయ్యల చెరువుల పక్కన, ఒక రేకుల షెడ్డులో. "కుట్టుపని ఉండాదంట, టేపు తీసుకొని రమ్మంది అమ్మగారు" అని మస్తానన్న కబురు తెచ్చాడు. ట్రాక్టర్లు బాగుచేసే మెకానిక్కు ఆయన. పెద్దింటామె రవికలు కుట్టించుకుంటుందేమోనని నేను సంచిలో మెడ డిజైన్ల పుస్తకం కూడా పెట్టుకుని పోయాను.

షెడ్డులో ఒక కారు ఇటుకల మీద నిలబడి ఉంది. చక్రాలు లేవు. ముందు మూత తెరిచి ఉంది, లోపల ఇంజను లేదు. పైన కప్పు లేదు, లోపల సీట్లు లేవు. సీటు ఉండవలసిన చోట పీట వేసుకుని, డెబ్భై దాటిన ఒక పెద్దామె స్టీరింగు పట్టుకుని కూర్చుని ఉంది. నాట్లకు పోయే ఆడవాళ్ళ మాదిరి చీర మీద మగవాళ్ళ పొడుగు చేతుల చొక్కా తొడుక్కుంది.

మర్యాదకు ఏదో ఒకటి పలకరించాలి కదా.

"యాడికమ్మా ప్రయాణం?" అన్నాను.

"షోళవరం."

"ఎప్పటికి చేరతారు?"

"నువ్వు టాపు ఎప్పుడు కుడితే అప్పటికి. అమ్మా గిమ్మా అనబాక. అక్కా అను."

మెడ డిజైన్ల పుస్తకం సంచిలోంచి తియ్యకుండానే టేపు తీశాను.

షోళవరం మద్రాసుకు ఇవతల ఉంది. యుద్ధకాలంలో విమానాల కోసం వేసిన రన్‌వే ఆ తరువాత ఊరికే పడి ఉంటే, దాని మీద డ్రమ్ములు పెట్టి, వంపులు ఏర్పాటు చేసి కారు పందేలు నడిపేవారట. అక్క వాళ్ళ నాయనకు కోవూరులో రైసుమిల్లు ఉండేది. దేశం విడిచిపోతున్న ఒక దొర దగ్గర ఆయన ఈ కారు కొన్నాడు. టూరింగ్ కారు అంటారు దాన్ని. పొడుగాటి ముక్కు, నాలుగు తలుపులు, వెనక్కి మడిచేసే గుడ్డ టాపు. ఇంటిల్లిపాదీ ఎక్కి తిరుపతికో శ్రీకాళహస్తికో పోవడానికి తయారైన బండి. అక్క మాత్రం మిల్లు ముందు వడ్లు ఆరబోసే నేల మీద దాన్ని నడపడం నేర్చుకుని, పడుచుదనంలోనే షోళవరం తోలుకుపోయింది.

ఆ పందేలను ఆమె కథలుగా చెప్పేది కాదు. అన్నం బల్ల మీద నడిపి చూపించేది.

"ఈ స్టీలు గ్లాసులు బొంబాయి వాళ్ళు, కలకత్తా వాళ్ళు. చూడు, ఎంత తేలిగ్గా ఉండాయో! ఇదిగో, ఈ ఆవకాయ జాడీ మనం."

జాడీ ఎప్పుడూ వెనకే ఉండేది. తిన్నని దారిలో గ్లాసులు రయ్యిమని పోయేవి. జాడీ మాత్రం ఆయాసపడుతూ వచ్చేది.

"పెండ్లికి పొయ్యే బండిని పందేనికి తెచ్చినావేందమ్మా అని నవ్వినారు మే. నేనేమన్నానో తెలుసా? పెండ్లికే పోతా ఉండా, దారిలో మీరు అడ్డమొచ్చినారు అన్నా."

వంపు రాగానే ఆమె గొంతు మారిపోయేది. జాడీ గ్లాసుల లోపలి పక్కగా దూరి, రెండింటిని దాటేసేది. "బ్రేకుండేది ఆగడానికి కాదు మే, తిరగడానికి. వంపుకు ముందే తొక్కేసెయ్యాల. వంపులోకి పోయినాక తొక్కినావంటే అది బ్రేకు కాదు, భయం." ఈ మాట నాకు బాగా పట్టింది. ఇంటికి పోయి మిషను మీద జాకెట్టు చంక గుండ్రం కుట్టేటప్పుడు ప్రయోగించాను. సూది విరిగింది. కస్టమరు జాకెట్టు చంకలో పట్టేసింది. అక్కకు చెబితే, "ముందే తొక్కినావా, లోపలికి పోయినాక తొక్కినావా?" అని చాలా శ్రద్ధగా అడిగింది.

ఒకరోజు ఉత్సాహం పట్టలేక జాడీతో చారు గిన్నెను దాటబోయి, చారంతా నా ఒళ్ళో పోసింది. "చూసినావా, అందుకే ఎవురూ నా పక్కన కూచోరు" అంది.

చివరి పందెం చెప్పేటప్పుడు మాత్రం జాడీని ముట్టుకునేది కాదు. ఆ రోజు బండి ఎప్పుడూ లేనంత బాగా పరిగెత్తిందట. ఆఖరి చుట్టులో, ముగింపు గీత కంటికి కనబడుతుండగా రేడియేటరు మరిగి ఆవిరి చిమ్మింది. బండి ఆగిపోయింది. వాళ్ళ నాయన జనంలోంచి నీళ్ళ బిందె పట్టుకుని పరిగెత్తుకొచ్చే లోపల అందరూ గీత దాటేశారు, జెండా మడిచేశారు. తరువాత మిల్లు చూసుకోవలసిన పని ఆమె నెత్తిన పడింది. పందేలకు పోయే తీరిక రాలేదు. కారు కొన్నేళ్ళు వడ్ల బస్తాలు మోసింది. ఆపైన ఇంజను ఊడదీసి నీళ్ళు తోడే పంపుకు బిగించారు. మిగిలిన డొక్కులో కోళ్ళు కాపురం పెట్టాయి. అల్లూరు దగ్గర రొయ్యల చెరువులు తవ్వించినప్పుడు ఇంజను అక్కడికి చేరింది. కిరసనాయిలు తాగుతూ, ఉప్పునీళ్ళు తోడుతూ బతికింది.

రొయ్యలకు జబ్బు తగిలి చెరువులు ఎండబెట్టిన ఏడాది, అక్క పంపుషెడ్డులోకి పోయి ఆ ఇంజనును చూసింది.

"నన్ను చూసి అది సిగ్గుపడిందనుకున్నా మే, ఉప్పుపట్టి ఉండాది గదా. కాసేపు నిలబడినాక తెలిసింది, సిగ్గుపడింది నేను. పందెం పరిగెత్తినదాన్ని తెచ్చి బురదనీళ్ళు తోడించినా. దాన్ని మళ్ళా దాని బండిలో పెట్టాల. మిగిలిపోయిన ఆ కాస్త దూరం నేనే నడిపి ముగించాల. అంతే. ఇంక నాకేం వద్దు."

షోళవరంలో ఇప్పుడు పందేలు లేవు. అందుకని అక్క దారి కూడా ఇక్కడే ఎంచుకుంది. షెడ్డు నుంచి ఇసకపల్లి రోడ్డు మీద సముద్రం దాకా పోవాలి. తిరిగి చెరువుల గట్ల మీదుగా వచ్చి షెడ్డు గుమ్మం ముందు ఆగాలి. అదే ఆమె చుట్టు.

ఇక నా టాపు సంగతి. నాకు మనుషుల కొలతలు తప్ప తెలియవు. కారు చుట్టూ తిరిగి భుజం, ఛాతీ, నడుము లాగా రాసుకున్నాను. ఒంటికి పట్టేయకూడదని కొంచెం వదులు వదిలాను. అందంగా ఉంటుందని లోపల లైనింగు వేశాను. అంచు బోసిగా కనిపిస్తే పైపింగు కుట్టాను. తీసుకొచ్చి ఇనుప కమ్ముల మీద పరిస్తే అది టాపులాగా లేదు. కారు తలమీద పావడా బోర్లించినట్టుంది. మస్తానన్న స్పానరు కింద పడేసి గోడకు ఆనుకున్నాడు. నవ్వడానికి శబ్దం కూడా రావడం లేదు పాపం.

"అమ్మా, దీనికి పెండ్లి ఎప్పుడు?" అన్నాడు చివరకు.

అక్క కుట్టు మీద వేలితో చివరిదాకా తడిమింది. "కుట్టు భలే గట్టిది మే. ఆకారం ఒక్కటే లేదు. విప్పి మళ్ళా కుట్టు" అంది. తిట్టలేదు. మళ్ళీ కుట్టాను. ఈసారి కమ్ములకు బిగించాక వెనక్కి మడవలేకపోయాం, మూడోసారికి అమరింది.

ఆమె అన్నిటినీ అలా చేత్తోనే చూసేది. వచ్చే బండి చప్పుడు విని ఎవరో చెప్పేది. బానెట్టు మీద అరచెయ్యి పెట్టి, పసిబిడ్డకు జ్వరం చూసినట్టు చూసేది. నా ముఖం చూడాలంటే తల మొత్తం నా వైపుకు తిప్పేది. ఎంత శ్రద్ధగా వింటుందో ఈమె, అనుకునేదాన్ని. ఎదుటి మనిషికి ఇంత గౌరవమివ్వడం నేర్చుకోవాలని ప్రార్థనలో కూడా అడిగాను.

రంగు దగ్గరా అంతే. పాత రంగులు గీకితే అడుగున పందెం నాటి ఆకుపచ్చ బయటపడింది. అదే వెయ్యాలంది అక్క. మస్తానన్న నెల్లూరంతా తిరిగి, కుదరక, పడవలకు వేసే నీలం డబ్బాలు తెచ్చాడు. ఉప్పుగాలికి తట్టుకునేది అదొక్కటేనని ఆయన వాదన. అక్క తిడుతుందని భయపడుతూనే వేశాడు. ఆమె వచ్చి, తలుపు మీద చెయ్యి పెట్టి, "ఎంత బాగుందిరా ఈ పచ్చ!" అంది.

మస్తానన్న నా వైపు చూశాడు. నేను ఆయన వైపు చూశాను. ఆయనకు ఏదో అర్థమైనట్టు ముఖంలో కనబడింది. నా ముఖంలో భక్తి మాత్రమే ఉండి ఉంటుంది. పనివాడి మనసు నొప్పించకూడదని నీలాన్ని పచ్చ అంటోంది, ఎంత దయగల మనిషి అనుకున్నాను. ఆ వారం మందిరంలో అందరి ముందూ లేచి ఆమె గురించి సాక్ష్యం కూడా చెప్పాను.

బండి మొదటిసారి బయటికి తీసేరోజు వచ్చింది. అక్క చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించి టెంకాయ కొట్టింది. మస్తానన్న రెండు చేతులూ ఎత్తి దువా చేసుకున్నాడు. హ్యాండిలు తిప్పితే ఇంజను దగ్గి, తుమ్మి, లేచింది. "నువ్వూ ఒక మాట చెప్పుమే మీ దేవుడికి" అంది అక్క.

నన్ను ఆ మాట అడగకూడదు. కళ్ళు మూసుకుని మొదలుపెట్టాను. చక్రాల కోసం, చక్రాలు తెచ్చిన లారీ కోసం, ఇంజను కోసం, దాన్ని ఇన్నాళ్ళు కాపాడిన కిరసనాయిలు కోసం, కోళ్ళ కోసం కూడా కృతజ్ఞతలు చెల్లించాను. మస్తానన్న చేతుల కోసం అంటున్నప్పుడు అక్క గొంతు వినబడింది.

"ఆమేన్ ఎప్పుడంటావుమే? రేడియేటరు నీకంటే ముందే అనేట్టుండాది."

నేను కళ్ళు తెరిచే లోపల అది అనేసింది. మూతిలోంచి ఆవిరి ఎగిరి నా కొత్త టాపును తడిపేసింది. చల్లారి, నీళ్ళు పోసుకుని, మళ్ళీ బయలుదేరే సరికి ఎండ ముదిరింది.

"ఎక్కు మే, ఎడమ పక్క సీట్లో. పక్కన కూచునే మనిషి పని దారి చెప్పడం. ముందు ఏమొస్తా ఉందో, ఏ పక్క తిరగాలో అరిచి చెప్పాల. నోరుంటే చాలు, నీకది ఉండాది" అంది అక్క.

గట్టు దారి పట్టాం. మనిషి నడక కంటే కొంచెం వడిగా పోతున్నాం. నాకు గాలిలో ఎగురుతున్నట్టే ఉంది. చెరువు మూల దగ్గర గట్టు ఒక్కసారిగా కుడికి తిరిగింది. ఆ మలుపులో ఒక గేదె అడ్డంగా నిలబడి మమ్మల్ని చూస్తోంది. ఆపద వస్తే నేను చేసేది ఒక్కటే. కళ్ళు గట్టిగా మూసుకుని "ప్రభువా!" అన్నాను.

గేదె పక్కకు తప్పుకుందట. మేము తిరగలేదు. బండి తిన్నగా గట్టు దిగి, ఎండిన చెరువులోకి ఏనుగు మోకరించినట్టు ముక్కు దించుకుని, అడుగున ఇంకా తడారని మెత్తటి బురదలో ఆగింది. ఇద్దరికీ ఏమీ కాలేదు.

"వంపొచ్చిందా మే?" అని అడిగింది అక్క, నెమ్మదిగా.

"వొచ్చిందక్కా. మీకు కనబడలా?"

"నువ్వేం చేస్తా ఉన్నావు?"

"ప్రార్థన."

"కళ్ళు మూసుకునా?"

"అవునక్కా."

ఆమె నవ్విన నవ్వుకు బండి కదిలింది. కళ్ళవెంట నీళ్ళు వచ్చేదాకా నవ్వి, చొక్కా చేత్తో తుడుచుకుని అంది: "మన ఇద్దర్లో ఒక్కరైనా కళ్ళు తెరిచి ఉండాల గద మే!"

అప్పటికి గానీ నా బుర్రలో వెలగలేదు. చేత్తో చూడడం, తల మొత్తం తిప్పడం, పచ్చగా కనబడిన నీలం. మస్తానన్నకు రంగు రోజే అర్థమైంది. నేనేమో సాక్ష్యం చెప్పాను.

"కంట్లో నీటికాసులు మే. పోయిన చూపు తిరిగి రాదంట. ఉండేది ఇంకొన్నాళ్ళు నిలవడానికి చుక్కలిచ్చినారు. తిన్నగా ముందుండేది గొట్టంలోంచి చూసినట్టు తెలస్తా ఉండాది. పక్కలు పోయినాయి. ఈ ఏడు వానలొచ్చే నాటికి ఆ గొట్టం కూడా ఉంటదో లేదో. అందుకే తొందర."

నేను వద్దన్నాను. అక్కా, నేను రాను, మిమ్మల్నీ పోనివ్వను, దారిలో ఎవరికైనా తగిలితే దేవుడికి ఏం చెప్పుకుంటాం అన్నాను. ఆమె వాదించలేదు. మర్నాడు పోయి చూస్తే మస్తానన్న ట్రాక్టరుతో లాగి షెడ్డులో పెట్టిన బండిలో స్టీరింగు పట్టుకుని కూర్చుని ఉంది. ఆ తరువాత ఎన్నిసార్లు పోయినా అంతే. పలకరిస్తే పలికేది, కానీ అన్నం బల్ల మీద జాడీ కదలలేదు. ఆమె ఊరికే ఉండడం నేను భరించలేకపోయాను. ఆమె కోసం మోకాళ్ళ మీద ఉన్నప్పుడు కూడా, వద్దని చెప్పిన గొంతు దేవుడిదో నా పిరికితనానిదో తేల్చుకోలేకపోయాను.

దారి చూపించింది మస్తానన్న. "తెల్లారేటప్పుడు ఆ రోడ్డు మీద కాకి కూడా ఉండదు. నేను మోపెడ్ మీద ముందు పోతా, ఎర్ర తువ్వాలు కట్టుకొని. ఎవురన్నా వొస్తే ఆపుతా. మీరు వెనకే నిదానంగా రండి. ఈమె కళ్ళు తెరిచి ఉంటే చాలు" అన్నాడు నన్ను చూపిస్తూ.

అంటే అక్క బండి నడపగలదా అన్నది సమస్య కాదు. నేను కళ్ళు తెరిచి ఉండగలనా అన్నదే సమస్య.

సాధన మొదలుపెట్టాను. మా ఆయన సైకిలు వెనక కూర్చుని, "ఎడమ వంపు, ముందు గుంత, కుడి పక్క మేక" అని అరుస్తూ పోయేదాన్ని. "నాకు కనబడతా ఉండాదే తల్లీ" అని ఆయన మొత్తుకునేవాడు. మందిరంలో అందరూ తలలు వంచితే నేను కళ్ళు విప్పుకుని ప్రార్థించడం నేర్చుకున్నాను. పాస్టరు అయ్యగారు గమనించి, "ఏమ్మా, కళ్ళు మూసుకోవా?" అన్నారు. కారు కోసం అయ్యగారూ అన్నాను. ఆయన నా కోసం విడిగా ప్రార్థన చేశారు. నిజం చెప్పాలంటే కళ్ళు తెరిచి ప్రార్థిస్తే మొదట్లో దేవుడు కనబడలేదు. ముందు వరసలో కూర్చున్నవాళ్ళ జాకెట్ల కుట్లు కనబడేవి.

ఒక తెల్లవారుజామున బయలుదేరాం. మంచు పల్చగా ఉంది. మోపెడ్ మీద మస్తానన్న వీపు, మెడలో ఎర్ర తువ్వాలు. నేను గొంతు విప్పాను.

"తిన్నగా అక్కా, తిన్నగా. ఎడమ పక్క కరెంటు స్తంభం. ముందు గుంత, కొంచెం కుడికి. ఆ, అంతే. ఇప్పుడు వంపొస్తా ఉండాది, కుడి వంపు..."

"ఎంత దూరం?"

"మా ఇంటి ముంగిలంత!"

"మీ ఇంటి ముంగిలి నేను చూసినానా మే?"

ఆమె బ్రేకు తొక్కింది. ముందుగానే, వంపు రాకముందే. ఆ పొడుగాటి బండి వంపులోకి పోయి, చేప తోక తిప్పినట్టు తిరిగి బయటికి వచ్చింది. నేను ఆమె ముఖం చూశాను. జాడీతో రెండు గ్లాసుల్ని దాటేటప్పటి ముఖం అది. దారి చూడమంటే ముఖమేం చూస్తున్నావే అని నన్ను నేను తిట్టుకుని మళ్ళీ ముందుకు చూశాను.

సముద్రం దగ్గర తిరిగేటప్పుడు అడిగింది. "ఎట్టుండాది?"

"ఏందక్కా?"

"సముద్రం మే."

అందంగా చెప్పాలనుకున్నాను. అబద్ధం రాదు. "బురద రంగులో ఉండాదక్కా" అన్నాను.

"సరేలే, పోదాం" అంది.

గట్టు దారిలో, చెరువు మూల దగ్గర, "ఎడమ! ఎడమ! వంపు వొచ్చేస్తా ఉండాది!" అని అరిచిన అరుపుకు కొంగలన్నీ లేచాయి. తిరిగాం. అక్కడి నుంచి షెడ్డు రేకులు కనబడుతున్నాయి. అప్పుడు బానెట్టులోంచి కుతకుత చప్పుడు మొదలైంది.

అక్క నాకంటే ముందే విన్నది. "ఎదురుగా గుండ్రం గడియారంలో ముల్లు యాడుండాది?"

"ఎర్ర గీతకు ఆనుకొని ఉండాదక్కా."

షోళవరంలో గీత కనబడగానే యాక్సిలరేటరు తొక్కి ఉంటుంది. ఇప్పుడు కాలు తీసేసింది. బండి దానంతటది, పిల్లను ఎత్తుకున్న తల్లి నడిచినట్టు, ఎంత మెల్లగా పోయిందంటే మస్తానన్న ముందే పోయి, మోపెడ్ స్టాండు వేసి, గుమ్మం దగ్గర నీళ్ళ బిందెతో నిలబడ్డాడు. నేను ముల్లును చూస్తూ, దారిని చూస్తూ, అరుస్తూనే ఉన్నాను. "తిన్నగా. తిన్నగా అక్కా. ఇంకా. ఇంకొంచెం. ఇదిగో గుమ్మం. వొచ్చేసినాం! దాటేసినాం!"

బండి ఆగింది. ఆవిరి రాలేదు. ఆమె రెండు చేతులూ స్టీరింగు మీదే ఉన్నాయి.

"ఎన్నో స్థానం మే?"

మొదటిదని అనవచ్చు. నా నోరు తిరగలేదు. "రెండోదక్కా. మస్తానన్న ముందొచ్చినాడు."

"మెకానిక్కు చేతిలో ఓడిపోయినానా!" అంది అక్క. ఆమెకు అంతకుముందు ఎన్నడూ రెండో స్థానం రాలేదు. ఆ సంగతి మా ముగ్గురికీ ఒకేసారి తట్టింది. మస్తానన్న బిందె కింద పెట్టి అటు తిరిగి నిలబడ్డాడు.

ఆమె తాళం తిప్పింది. ఇంజను ఆగింది. తాళంచెవి తీసి, నా ఒళ్ళో పెట్టింది. "ఇంక నేను నడపను. ఎవురన్నా చూపుండేవాళ్ళు నడపండి."

దిగుతుందనుకున్నాను. దిగలేదు.

"చెప్పు మే, ఆపినావేంది?"

"ఏం చెప్పాలక్కా? బండి ఆగిపోయింది గదా."

"ఆగితే ఏం? చెప్పు. ముందేముండాది?"

"షెడ్డు. ఒక రెక్క తెరిచి ఉండాది."

"కుడి పక్క?"

"మస్తానన్న. కంట్లో దుమ్ము పడిందని తుడుచుకుంటా ఉండాడు."

"ఎడమ పక్క?"



"ఎడమ పక్క నేనుండా గదక్కా" అన్నాను.

ఆమె మెల్లగా తల మొత్తం నా వైపుకు తిప్పింది. కొంచెం పైకి, కొంచెం కిందికి వెతికి, నన్ను ఆ గొట్టంలోకి తెచ్చుకుంది. చాలాసేపు చూసింది.

"ఏందిమే, ఇంత పొట్టిదానివా?" అంది. "ఆ అరుపులకు ఇంకా పెద్ద మనిషివనుకున్నా."